పక్కన వేప్ తాగుతుంటే గొడవ పడకుండా ఎలా చెప్పాలి

విశాఖ నుంచి శ్రీకాకుళం వచ్చే ఏసీ నాన్‌స్టాప్ బస్సులో అద్దాలన్నీ మూసి ఉంటాయి. వెనక సీటు నుంచి మామిడిపండు వాసనో పుదీనా వాసనో వస్తుంది. తెల్లటి ఆవిరి కాస్త తేలి, చూసేలోపే మాయమవుతుంది. ఎవరూ వెనక్కి తిరగరు. అదే సీట్లో ఎవరైనా బీడీ వెలిగించి ఉంటే బస్సులో నలుగురైనా 'ఓ బాబూ, ఆర్పీ' అని ఉండేవారు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పొగకు ఒక పద్ధతి ఉంది. చుట్ట కాల్చే మనిషికి ఊళ్లో పెద్ద ఎదురైతే చెయ్యి వెనక్కి వెళ్లిపోతుంది. బీడీ వెలిగించాలనుకున్నవాడు అరుగు దిగి వీధిలోకి నడుస్తాడు. బాలింత ఉన్న ఇంటి గడపలో ఎవరూ అగ్గిపుల్ల గీయరు. ఎక్కడా రాసిపెట్టని ఈ పద్ధతులన్నీ నిప్పు, బూడిద, కంపు అనే మూడింటిని చూసి పుట్టాయి. వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, ఆ మూడూ లేవు. అందుకే అది ఏ అడ్డూ లేకుండా బస్సులోకి, ఆసుపత్రి వరండాలోకి, పెళ్లి పందిట్లోకి వచ్చేసింది. వద్దని చెప్పడానికి మనకి మాట తోచడం లేదు.

బీడీకి, చుట్టకి పెట్టుకున్న హద్దులనే దీనికీ పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. మాట తేడా రాకుండా, ఎదుటి మనిషిని చిన్నబుచ్చకుండా అది ఎలా చేయాలో ఒక్కో మెట్టుగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: అదేమిటో సరిగ్గా గుర్తుపట్టండి

వేప్, ఈ-సిగరెట్, పెన్ను... పేరు ఏదైనా పని ఒక్కటే. లోపల చిన్న బ్యాటరీ, వేడెక్కే తీగచుట్ట, కొంచెం ద్రవం ఉంటాయి. పీల్చగానే తీగ వేడెక్కి ద్రవాన్ని సన్నటి తుంపరగా మారుస్తుంది. చూడటానికి కొన్ని పెన్‌డ్రైవ్‌లా, కొన్ని హైలైటర్ పెన్నులా, కొన్ని రంగురంగుల చిన్న డబ్బాలా ఉంటాయి. పిల్లల పెన్సిల్ పౌచ్‌లో పెడితే అమ్మకి కూడా తేడా తెలియదు.

'ఇది ఉత్త నీటి ఆవిరి ఆంటీ' అనే మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. అది నిజం కాదు. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం కలిపే రసాయనాలు ఉంటాయి. ఎక్కువ వాటిలో నికోటిన్ కూడా ఉంటుంది. వదిలే తుంపరలో అతి సన్నటి కణాలు, తీగ నుంచి వచ్చే నికెల్, తగరం, సీసం లాంటి లోహాలు కనిపించాయి. ఏదీ కాలడం లేదు కాబట్టి సిగరెట్ పొగలో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో అంతగా ఉండవు. పక్కవాళ్లకు తగిలేది కూడా సిగరెట్ పొగ కంటే తక్కువే. ఈ మాట దాచకుండా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే మనం చెప్పే మిగతా సంగతి వాళ్లు వింటారు. తక్కువ అంటే లేనట్టు కాదు. ఉబ్బసం ఉన్న పిల్లాడికి, కడుపుతో ఉన్న మనిషికి, ఊపిరితిత్తులు దెబ్బతిన్న తాతగారికి ఆ తక్కువైనా ఎందుకు?

ఇంకొక జాగ్రత్త. ఎవరి చేతిలోనైనా ఇలాంటిది కనిపించగానే 'గంజాయి, గంజాయి' అని అరవకండి. ఏజెన్సీ వైపు నుంచి వచ్చే రవాణా కేసుల వల్ల మన దగ్గర ఆ మాటకి చాలా బరువు ఉంది. బస్సులో ఆ మాట పడితే పదిమంది మీద పడతారు, కుర్రాడి చదువు, ఉద్యోగం అన్నీ అనుమానంలో పడతాయి. మీకు కనిపించింది వేప్ అయితే వేప్ అనే చెప్పండి.

రెండో మెట్టు: చట్టం ఎంతవరకు మీ వెనక ఉందో తెలుసుకోండి

చట్టం చదివి వినిపించమని కాదు. అది తెలిసిన మనిషి గొంతులో కంగారు ఉండదు, అందుకని.

మన దేశంలో ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, అదే ఏడాది డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారు చేయడం, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. స్టాకు దాచి ఉంచితే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే పక్కసీటు కుర్రాడి చేతిలో ఉన్న వస్తువు ఏ కొట్లోనూ సక్రమంగా కొన్నది కాదు. లోపల ఏం పోశారో చెప్పే లేబుల్‌ను నమ్మడానికి కూడా వీల్లేదు. ఆ కుర్రాడికి ఇదే ఎక్కువగా భయపడాల్సిన సంగతి.

సిగరెట్, బీడీ, చుట్టలకు 2003 నాటి పొగాకు చట్టం వర్తిస్తుంది. 2008 అక్టోబరు 2 నుంచి బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్లు, ఆసుపత్రులు, సినిమా హాళ్లు, హోటళ్లు, ఆఫీసులు, కాలేజీల్లో పొగ తాగడం దేశమంతా నిషేధం. తాగితే 200 రూపాయల వరకు జరిమానా. ఈ జరిమానా పొగాకు కాల్చడాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. 'ఇది పొగాకు కాదుగా' అని ఎవరైనా వాదిస్తే ఆ వాదనలోకి దిగకండి. 'సరే బాబూ, దీన్నైతే అమ్మడమే నేరం కదా' అంటే చాలు, అంతకుమించి అక్కర్లేదు.

నాకు బాగా నచ్చిన సెక్షన్ ఒకటి రైల్వే చట్టంలో ఉంది. 1989 నాటి ఆ చట్టం 167వ సెక్షన్ ప్రకారం, పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగకూడదు. జరిమానా 100 రూపాయల వరకే. డబ్బు సంగతి అలా ఉంచండి. పక్కనున్న మనిషి 'వద్దు' అంటే ఆ మాటకు విలువ ఉందని చట్టమే ఒప్పుకుంది. నోరు తెరిచి అడగడం మీ హక్కు, అందులో తప్పేమీ లేదు.

మూడో మెట్టు: చోటు చూసి నిర్ణయించుకోండి

అన్ని చోట్లా ఒకేలా అడగనక్కర్లేదు. కళింగపట్నం బీచ్‌లో సాయంత్రం గాలి జోరుగా వీస్తుంటే, ఇరవై అడుగుల దూరంలో ఎవరో వేప్ పీలుస్తున్నారని వెళ్లి చెప్పడం అనవసరం. మీరు గాలి వచ్చే వైపుకి నాలుగడుగులు జరిగితే సరిపోతుంది. పిల్లలు పక్కనే ఇసుకలో ఆడుతుంటే మాత్రం అడగండి.

తలుపులు మూసిన చోట తప్పకుండా అడగాలి. ఏసీ బస్సు, రైలు ఏసీ పెట్టె, లిఫ్టు, హోటల్లో ఏసీ గది, సినిమా హాలు, షేర్ ఆటో ఇవన్నీ అలాంటివే. ఆసుపత్రి అయితే తలుపులు తెరిచి ఉన్నా సరే, ఓపీ లైన్లో నిలబడిన వాళ్లలో దమ్ము సరిగా అందని వాళ్లు కూడా ఉంటారు.

రైల్లో ఇంకో చిక్కు ఉంది. ఏసీ పెట్టెల్లో, వందే భారత్ లాంటి కొత్త రైళ్లలో పొగను పసిగట్టే పరికరాలు ఉంటాయి. వేప్ తుంపరకి కూడా అవి మోగగలవు. 2023 ఆగస్టులో తిరుపతి–సికింద్రాబాద్ వందే భారత్ బాత్రూంలో ఒకతను సిగరెట్ వెలిగిస్తే నిప్పు ఆర్పే పొడి చిమ్మి, అలారం మోగి, రైలు ఆగిపోయింది. విశాఖ–భువనేశ్వర్ వందే భారత్ ఇప్పుడు విజయనగరంలో, శ్రీకాకుళం రోడ్‌లో ఆగుతుంది. బాత్రూంలోకి వెళ్లి ఒక దమ్ము పీల్చి వద్దామనుకునే తమ్ముడికి ఈ సంగతి ముందే చెప్పండి. అది బెదిరింపు అవ్వదు, మేలు చేసినట్టే.

గుడి, జాతర దగ్గర చట్టం కంటే మనసే ముందు నడుస్తుంది. రథసప్తమికి అరసవల్లి క్యూలో అర్ధరాత్రి నుంచి ముసలివాళ్లు, పసిపిల్లలు ఒకరినొకరు ఆనుకుని నిలబడతారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర కాలు తీసి కాలు పెట్టే సందు ఉండదు. అలాంటి చోట వదిలిన తుంపర తిన్నగా పక్కవాడి ముఖానికే తగులుతుంది. అక్కడ ఎవరైనా పీలిస్తే అడగండి, చుట్టూ ఉన్నవాళ్లంతా మీవైపే ఉంటారు. అలా అందరూ మీవైపే ఉంటారు కాబట్టే గొంతు ఇంకా తగ్గించి అడగాలి. గుంపులో పెద్ద గొంతు గొడవకి దారి తీస్తుంది.

నాలుగో మెట్టు: మాట

అసలు పని ఇక్కడే ఉంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

మీకు కావలసింది గాలి. ఆ మనిషిని బాగుచేయడం ఆ నిమిషంలో మీ పని కాదు. ఈ ఒక్కటి గుర్తుంటే మాట దానంతటదే మెత్తబడుతుంది. 'ఇలాంటివి తాగి పాడైపోతున్నారు' అన్నారంటే మాట అతని మీదకి వెళ్తుంది, అతను ఎదురు తిరుగుతాడు. 'మా పాపకి ఆయాసం ఉంది' అన్నారంటే మాట మీవైపే ఉంటుంది. అప్పుడు అతను ఒక్క చెయ్యి దించితే చాలు.

మీకన్నా చిన్నవాడైతే: 'తమ్ముడూ, అది కొంచెం జేబులో పెట్టుకోవా? అద్దాలు మూసున్నాయి కదా, నాకు ఊపిరాడట్లేదు.' చిన్నగా, అతనికి మాత్రమే వినిపించేలా అనండి. పక్కనున్న స్నేహితుల ముందు పరువు పోయిందని అనిపిస్తే వాడు ఇంకోసారి కావాలనే పీలుస్తాడు.

మీ వయసువాడైతే: 'బ్రదర్, దిగాక తాగుదురు గాని, లోపల వద్దు, ప్లీజ్.' చిన్నగా నవ్వి మళ్లీ మీ పనిలో పడండి. సమాధానం కోసం ముఖంలోకి చూస్తూ ఉంటే అది సవాలు విసిరినట్టు ఉంటుంది.

పెద్దాయన అయితే: 'బాబుగారూ, ఏమీ అనుకోకండి, ఈ వాసన నాకు పడదు. కొంచెం ఆపుతారా?' మన దగ్గర పెద్దవాళ్లకి 'ఏమీ అనుకోకండి' అన్న ముక్క ముందు పడితే వెనక వచ్చే మాటకి సగం కోపం తగ్గిపోతుంది.

మన ప్రాంతంలో మనకి ఒక మంచి అలవాటు ఉంది, దాన్ని వాడుకోండి. బస్సులో పక్కన కూర్చోగానే 'ఏ ఊరు బాబూ మనది?' అని అడుగుతాం. రాజాం అంటే రాజాంలో ఎవరింటి పక్క, చీపురుపల్లి అంటే అక్కడ మా మేనత్తవాళ్లు ఉంటారు అని ఏదో ఒక చుట్టరికం తేలుస్తాం. ఊరు తెలిసిన మనిషితో దురుసుగా మాట్లాడటం ఎవరికైనా కష్టం. కాబట్టి ప్రయాణం పొడవైనదైతే ముందు ఊరు అడగండి, రెండు మాటలు మాట్లాడండి, తరువాత వేప్ సంగతి ఎత్తండి. ఊరు తెలిసింది కదా అని 'మీ నాన్నకి చెప్తాను' అనే బెదిరింపుకి మాత్రం దిగకండి. ఆ మాటతో పరిచయం కాస్తా పగ అవుతుంది.

అమ్మాయి తాగుతుంటే? మాట తేడా రాకుండా చూసుకోవలసింది ఇక్కడే. 'ఆడపిల్లవై ఉండి' అనే ముక్క మీ నోట రాకూడదు. మన తీరం వెంబడి ఊళ్లలో అడ్డపొగ తాగే అవ్వలు తరాలుగా ఉన్నారు. చుట్టలో కాలే కొసని నోటి లోపల పెట్టుకుని, పని చేసుకుంటూనే తాగేవారు. వాళ్లని ఎవరూ తప్పుపట్టలేదు. ఆ అలవాటు వల్ల అంగిలి మీద పుళ్లు, క్యాన్సర్లు రావడం శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చూసి రాశారు. వాళ్లకి జరిగిన నష్టం గురించి ఎవరం గొంతెత్తం గానీ, కాలేజీ పిల్ల చేతిలో వేప్ చూడగానే మాత్రం పరువు గుర్తొస్తుంది. అబ్బాయితో ఏ మాట అంటారో అమ్మాయితో కూడా అదే అనండి: 'అమ్మా, లోపల వద్దు, ఊపిరాడట్లేదు.' ఒక్క అక్షరం కూడా ఎక్కువ వద్దు.

చుట్టాల్లో అయితే, పెళ్లిళ్లలో, ఎవరు చెప్తారన్నదే అసలు సంగతి. పెళ్లికొడుకు స్నేహితులు విడిదింట్లో మబ్బు వదిలి రీల్స్ తీస్తుంటారు. పెదనాన్న వెళ్లి చెప్తే అది తిట్టు అవుతుంది, అక్కడితో పెళ్లింట్లో ముఖాలు మాడిపోతాయి. బావని పంపండి. బావ, బావమరుదుల మధ్య ఏమన్నా సరసంలో కొట్టుకుపోతుంది. 'ఏటి బావా, లోపల పసిపిల్ల పడుకుంది, ఆ మబ్బులేవో పెరట్లోకి పోయి పెట్టుకోండి' అని బావ అంటే అందరూ నవ్వుతూ లేస్తారు. మేనమామ కూడా ఈ పనికి బాగానే పనికొస్తాడు, ముఖ్యంగా మేనల్లుళ్ల దగ్గర.

మీరే ఆడమనిషై, ఒంటరిగా ప్రయాణిస్తూ, ఎదుట నలుగురు కుర్రాళ్లు ఉంటే వాళ్లతో నేరుగా మాట్లాడి తీరాలని ఏమీ లేదు. తరువాతి మెట్టుకి వెళ్లిపోండి. అది పిరికితనం కాదు.

ఐదో మెట్టు: వినకపోతే

ఒకసారి అడిగారు, ఆపలేదు. రెండోసారి మీరే అడగకండి. ఇప్పుడు ఆ చోటికి బాధ్యత ఎవరిదో వాళ్లకి చెప్పండి.

పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో కండక్టర్ ఉంటే ఆయనతో చెప్పండి. కండక్టర్ లేని నాన్‌స్టాప్ సర్వీసులో బస్సు ఆగినప్పుడు డ్రైవర్‌తో అనండి. నడుస్తున్న బస్సులో డ్రైవర్ వెనక నిలబడి మాట్లాడితే యాభై మంది ప్రాణాలకి ప్రమాదం. రైల్లో టీటీఈ కనిపించకపోతే 139కి ఫోన్ చేసి రైలు నంబరు, పెట్టె, సీటు నంబరు చెప్పండి. సినిమా హాల్లో, హోటల్లో మేనేజర్ ఉంటాడు. 'పొగ తాగరాదు' బోర్డు పెట్టిన చోట ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరు కూడా రాయాలని నిబంధన ఉంది. కాబట్టి గోడ చూడండి, పేరు లేకపోతే అది అడగండి. ఆసుపత్రిలో సెక్యూరిటీ కంటే డ్యూటీ సిస్టర్ మాట తొందరగా పనిచేస్తుంది. సిస్టర్ 'బయటికి నడువు' అంటే ఎంతటివాడైనా నడుస్తాడు.

చేయకూడని పనులు రెండున్నాయి. మొదటిది, వాళ్ల ముఖానికి ఫోన్ పెట్టి వీడియో తీయడం. ఆ వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో పడితే పద్దెనిమిదేళ్ల పిల్లాడి పేరు ఏళ్ల తరబడి తుడిచినా పోదు. మీరు అడిగింది గాలి, తీసుకున్నది అతని పరువు అవుతుంది. రెండోది, చేతిలోంచి లాక్కోవడం. అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది. కిందపడి నలిగితే, నీళ్లు తగిలితే మంట రావచ్చు.

ఎవరైనా అమ్ముతున్నట్టు మీకు తెలిస్తే సంగతి వేరు. ముఖ్యంగా స్కూలు, కాలేజీ దగ్గర పాన్‌షాపు చాటున అమ్ముతుంటే మొహమాటం వద్దు. సబ్-ఇన్‌స్పెక్టర్, అంతకన్నా పై అధికారికి సోదా చేసే అధికారం ఈ-సిగరెట్ల చట్టం ఇచ్చింది. స్టేషన్‌కి వెళ్లి చెప్పండి, లేదా 112కి ఫోన్ చేయండి. మామూలు సిగరెట్లు, బీడీలు కూడా స్కూలు నుంచి 100 గజాల లోపు అమ్మకూడదు, 18 ఏళ్లు నిండని వాళ్లకి అసలే అమ్మకూడదు. ఆ సంగతి కూడా కలిపి చెప్పండి.

ఆరో మెట్టు: మన ఇంట్లోనే దొరికితే

బయటివాళ్లకి చెప్పడం కన్నా ఇది కష్టం. ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఇంజినీరింగ్ చదివే కొడుకు శనివారం ఇంటికొస్తాడు, బట్టలు ఉతకడానికి జేబులు చూస్తే రంగుల డబ్బా దొరుకుతుంది. ఆ క్షణంలో చెయ్యి లేస్తుంది. చెయ్యి దించండి. వాళ్ల నాన్న వచ్చేదాకా ఆగి పంచాయితీ కూడా పెట్టకండి.

అన్నం తిన్నాక, ఇద్దరే ఉన్నప్పుడు, ఆ డబ్బా చూపించి 'నాన్నా, ఇది ఎన్నాళ్ల నుంచి?' అని అడగండి. 'ఎందుకు' అని మొదలుపెడితే అబద్ధం వస్తుంది. 'ఎన్నాళ్ల నుంచి' అంటే లెక్క చెప్తాడు. పొద్దున లేవగానే కావాలనిపిస్తోందా, లేకపోతే చిరాకు వస్తోందా, నిద్ర చెడుతోందా అని అడగండి. అవునంటే నికోటిన్ పట్టుకుందన్నమాట. ఎదిగే వయసు మెదడుని నికోటిన్ తొందరగా లొంగదీసుకుంటుంది, అది పిల్లాడి గుణం చెడిపోవడం కాదు. మానేశాక మొదటి రోజుల్లో చిరాకు, తలనొప్పి, నిలకడ లేకపోవడం సహజం. తరువాత మెల్లగా తగ్గుతాయి. ఆ రోజుల్లో పరీక్షలు లేకుండా చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

సాయం కోసం 1800-11-2356 ఉంది. సిగరెట్ పెట్టెల మీద ముద్రించే నంబరు ఇదే, కాల్‌కి డబ్బులు పడవు. నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి వాడాలంటే, ఎంత వాడాలో ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం డాక్టర్‌ని అడిగి వాడండి. మానసిక విభాగం అనగానే మన ఊళ్లలో వెనకడుగు వేస్తారు. అలవాట్లు మాన్పించే డాక్టర్లు ఉండేది అక్కడే, దయచేసి వెళ్లండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో ముఖ్యమైన మాట. రీఫిల్ సీసాలోని ద్రవం పళ్లరసం వాసన వస్తుంది, పిల్లలు తాగేస్తారు. నికోటిన్ కొద్దిగా కడుపులోకి వెళ్లినా వాంతులు, చెమటలు, ముఖం పాలిపోవడం, మగత రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. వేలు పెట్టి వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. చర్మం మీద ఒలికితే వెంటనే సబ్బు నీళ్లతో కడగండి.

దొరికిన వేప్‌ని కోపంలో పొయ్యిలో పడేయకండి, చెత్తబండిలో కూడా వేయకండి. బ్యాటరీ పేలుతుంది. పాత ఫోన్ బ్యాటరీలు తీసుకునే ఈ-వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి, అప్పటిదాకా పిల్లలకి అందని చోట విడిగా పెట్టండి.

వేప్ తాగే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి

ఇది చదువుతున్నది మీరే అయితే, మిమ్మల్ని ఏమీ అనను. మానేయమనే నా కోరిక, ఆ నంబరు పైన ఉంది. మానేదాకా ఈ ఐదూ పాటించండి.

పైకప్పు ఉన్న చోట పీల్చకండి. అది బస్సైనా, హాస్టల్ గదైనా, ఆటో అయినా సరే. రూమ్మేట్ ఏమీ అనలేదంటే ఒప్పుకున్నాడని కాదు, అద్దె పంచుకునే మనిషి మొహమాటపడతాడు. పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు కనిపిస్తే బయట కూడా తీయకండి. మీకన్నా చిన్నవాళ్లు చూస్తుండగా మబ్బులు, రింగులు వదలకండి. తొమ్మిదో తరగతి పిల్లాడికి అది పెద్ద ఘనకార్యంలా కనిపిస్తుంది. 'ఒక్కసారి ట్రై చెయ్' అని ఎవరికీ చేతికి ఇవ్వకండి. ఎవరైనా ఆపమని అడిగితే 'సారీ అండి' అని జేబులో పెట్టేయండి. అడిగిన మనిషి ఆ మాట అనడానికి ఎంతసేపు ధైర్యం కూడగట్టుకుందో మీకు తెలియదు.

ఫంక్షన్ హాలు, హోటల్ నడిపేవాళ్లకి

మీ పని చాలా తేలిక. 'పొగ తాగరాదు' బోర్డు పక్కనే 'వేప్, ఈ-సిగరెట్ కూడా' అని తెలుగులో ఒక్క లైను చేర్చండి. ఫిర్యాదు తీసుకునే మనిషి పేరు రాయండి. టేబుళ్ల మీద యాష్‌ట్రేలు తీసేయండి, చట్టం కూడా అదే అంటోంది. 30 సీట్లు, అంతకు మించి ఉన్న హోటల్ అయితే పొగకి విడిగా గది పెట్టుకోవచ్చు. అయితే ఆ వెసులుబాటు సిగరెట్ కోసం ఇచ్చింది, వేప్ అమ్మడానికో దాచడానికో కాదు. మీ ప్రాంగణంలో ఈ-సిగరెట్ల స్టాకు పెట్టుకోనిస్తే ఆ కేసు మీ మీదకే వస్తుంది. పెళ్లి బుకింగ్ రాసుకునేటప్పుడే 'లోపల పొగ, వేప్ ఏవీ వద్దండి' అని పెళ్లివారికి ఒక మాట చెప్పేయండి. ఆ మాట అప్పుడే అయిపోతే పెళ్లిరోజున ఎవరూ ఎవరినీ ఆపనక్కర్లేదు.